ఆ ఫిట్స్ మాత్ర వేరే విషయం కాదమ్మా

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 25 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. 18 ఏళ్ళప్పటి నుంచి పీరియడ్స్ రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకి వస్తాయి. ఈసారి నాలుగు నెలలైంది, రాలేదు. గడ్డం కింద వెంట్రుకలు, పదిహేను రోజులకోసారి థ్రెడింగ్ తప్పదు. ఏడేళ్ళలో 14 కిలోలు పెరిగాను. స్కాన్ చూసి రెండు ఓవరీల్లోనూ నీటి బుడగలున్నాయి, పీసీఓడీ అని గైనకాలజిస్ట్ గర్భనిరోధక మాత్రలు రాశారు. పెళ్ళికాని పిల్లకి ఆ మాత్రలేంటని అమ్మ గొడవ చేస్తే పది రోజులకే మానేశాను. ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ, ఇది ఓవరీల జబ్బే కాదు, మెదడులో సెరటోనిన్, డోపమైన్, గాబా తక్కువై వస్తుంది అంటోంది. 11 వేలు కడితే మూత్రం పరీక్షలో మెదడు కెమికల్స్ లెక్క తీసి, దాన్ని బట్టి గాబా క్యాప్సూల్స్ ఇస్తారట. బరువు తగ్గుదామని మూడు నెలలుగా ఒంటిపూట తింటున్నాను. టెన్షన్ తగ్గించుకుంటే అదే పోతుందంటుంది అమ్మ. ఆదివారం వస్తే మంచం దిగాలనిపించదు, ఊరికే ఏడుపొస్తుంది. అంటే ఇదంతా నా బుర్రలోనే ఉందా? ఆ పరీక్ష చేయించుకోనా? 16 ఏళ్ళప్పటి నుంచి ఫిట్స్‌కి వాల్‌ప్రొయేట్ వేసుకుంటున్నాను, ఏడేళ్ళుగా ఫిట్స్ రాలేదు, అది వేరే విషయం అనుకోండి.

సమాధానం: అనుకోనమ్మా. ఉత్తరమంతా చదివి ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పీసీఓఎస్‌కీ (మీ డాక్టర్ పీసీఓడీ అన్నది దీన్నే) మెదడుకీ సంబంధం గురించి నువ్వు అడిగినవాటన్నిటికంటే, అవసరం లేదనుకుని చివర్లో రాసిన ఆ ఒక్క ముక్కే నాకు ఎక్కువ పనికొచ్చింది. దాని దగ్గరికి వస్తాను. ఈలోగా నేను రాసింది సగం చదివి ఆ మాత్ర మానేస్తావేమోనని నాకు భయం, కాబట్టి ముందే చెప్తున్నా: ఆ మాత్ర ఆపకు. ఒక్క పూట కూడా.

ఇక ఆ 11 వేలు దగ్గర పెట్టుకో. మూత్రంలో కనిపించే సెరటోనిన్, డోపమైన్ మెదడు నుంచి దిగి వచ్చినవి కావు. ఒంట్లో ఉండే సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, మూత్రంలోని డోపమైన్ చాలావరకు కిడ్నీలే చేసుకుంటాయి. పక్కింటి మోరీ చూసి మనింట్లో ఏం వండారో చెప్పినట్టుంటుంది ఆ రిపోర్టు. రంగు రంగుల బార్లతో అందంగా వస్తుంది, నిజమే, నా దగ్గరికి ఇద్దరు ముగ్గురు పట్టుకొచ్చారు కూడా, అందరికీ అన్నీ తక్కువే ఉన్నాయి!

అలాగని ఆ ఇన్‌స్టాగ్రామ్ ఆవిడ చెప్పిందంతా అబద్ధమనీ అననూ. పీసీఓఎస్‌లో మెదడు పాత్ర ఉంది, అది చిన్న పాత్రేమీ కాదు. కాకపోతే ఆవిడ చెప్పినట్టు ఏదో తక్కువై, క్యాప్సూల్ మింగితే నిండిపోయే వ్యవహారం కాదు.

మెదడు అడుగున బాదంగింజంత చోటుంది, హైపోథలామస్ అంటారు. అక్కడి నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే రసాయనం బయటికొస్తుంది. దాన్ని కనిపెట్టడానికి షాలీ అనే శాస్త్రవేత్త ఒకవైపు పందుల మెదళ్ళు, గియ్మాఁ అనే ఇంకో శాస్త్రవేత్త మరోవైపు గొర్రెల మెదళ్ళు లక్షల లెక్కన నూరించి, ఏళ్ళ తరబడి పోటీపడి, ఆఖరికి 1977లో ఇద్దరూ కలిసే నోబెల్ అందుకున్నారు. ఆ రసాయనం గొప్పంతా అది వచ్చే తీరులో ఉంది. కుళాయి తిప్పినట్టు ధారగా రాదు, డప్పు మీద దెబ్బలా పడుతుంది. నెలసరి మొదలైన తొలి రెండు వారాల్లో గంటకో గంటన్నరకో ఒక దెబ్బ. అండం విడుదలయ్యాక నెమ్మదించి మూడు నాలుగు గంటలకో దెబ్బ. కోలాటంలో దరువు మారితే అడుగు మారినట్టు, ఈ దరువును బట్టే కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఏ హార్మోన్ ఎంత వదలాలో తేల్చుకుంటుంది. దరువు జోరుగా ఉంటే ఎల్‌హెచ్ ఎక్కువ, నెమ్మదిగా ఉంటే ఎఫ్‌ఎస్‌హెచ్‌కి అవకాశం. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాన్ని పెంచే హార్మోన్. ఎల్‌హెచ్ అతి అయితే ఓవరీలో అండాల సంచుల గోడల్లోని కణాలు మగ హార్మోన్లు ఎక్కువగా చేస్తాయి.

పీసీఓఎస్ ఉన్న చాలామంది ఆడపిల్లల్లో ఈ దరువు ఎప్పుడూ జోరుగానే ఉంటుంది, నెమ్మదించాల్సిన చోట నెమ్మదించదు. దాంతో ఎల్‌హెచ్ పెరుగుతుంది, మగ హార్మోన్ పెరుగుతుంది, నీ గడ్డం కింద వెంట్రుకలు అక్కడివే. ఎఫ్‌ఎస్‌హెచ్ చాలక అండాల సంచులు సగం పెరిగి ఆగిపోతాయి. స్కాన్‌లో చూపించి నీటి బుడగలు అన్నారే, అవి ఈ సగం పెరిగిన సంచులు. గడ్డలు కావు, చీము కాదు, పగిలిపోయేవీ కావు. వాటిని కరిగించే కషాయం అమ్మేవాడు ఏం కరిగిస్తాడో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మరి దరువు కొట్టేదెవరు? హైపోథలామస్‌లోనే ఒక చిన్న కణాల గుంపుంది, అవి మూడు రసాయనాలు వాడతాయి. కిస్‌పెప్టిన్ డప్పు మీద పడే పుల్ల, న్యూరోకినిన్ బి తొందరపెట్టేది, డైనార్ఫిన్ ఆగమనేది. కిస్‌పెప్టిన్‌కి ఆ పేరెందుకంటే 1996లో దాని జన్యువు దొరికింది అమెరికాలో హెర్షీ అనే ఊళ్ళో, అక్కడ తయారయ్యే కిస్సెస్ చాక్లెట్ల పేరు పెట్టేశారు. 2003లో గానీ అది పనిచెయ్యకపోతే ఆడపిల్ల పెద్దమనిషే కాదని తెలియలేదు. న్యూరోకినిన్ బిని అడ్డుకునే మందులిచ్చి చూస్తే పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో ఎల్‌హెచ్, టెస్టోస్టెరోన్ అనే మగ హార్మోన్ తగ్గాయి. అదే కోవకి చెందిన ఒక మందుకి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, కానీ మెనోపాజ్‌లో వచ్చే ఒంటి వేడి ఆవిర్లకి, పీసీఓఎస్‌కి కాదు. కాబట్టి దాని కోసం మందుల షాపుల చుట్టూ తిరక్కు.

ఈ దరువుకి ఒంట్లోనే ఒక బ్రేకు ఉంది, ప్రొజెస్టెరోన్. అండం విడుదలయ్యాక ఓవరీలో పుట్టి, పైకి వెళ్ళి, ఇక చాలు నెమ్మదించు అని చెప్పేది అదే. నీకు అండం విడుదల కావట్లేదు కాబట్టి ప్రొజెస్టెరోన్ లేదు, కాబట్టి బ్రేకు లేదు. పైగా మగ హార్మోన్ ఎక్కువగా ఉంటే ఎప్పుడైనా కాస్త ప్రొజెస్టెరోన్ పుట్టి చెప్పినా మెదడు వినిపించుకోదు. జోరుకి మగ హార్మోన్, మగ హార్మోన్‌కి మళ్ళీ జోరు, చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు తిరుగుతూ ఉంటుంది. ఈ గుండ్రంలోకి ఇన్సులిన్ కూడా వచ్చి చేరుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే ఓవరీని అదీ ఎగదోస్తుంది, మగ హార్మోన్‌ని కట్టేసి ఉంచే ప్రోటీన్‌ని లివర్‌లో తగ్గించేస్తుంది. అందుకే ఇది ఓవరీల జబ్బా మెదడు జబ్బా అన్న ప్రశ్నకి ఎవరైనా ఒక్క మాటలో జవాబు చెప్తే అనుమానించు.

ఇప్పుడు గాబా. మెదడులో దాదాపు అన్ని చోట్లా గాబా శాంతింపజేసే రసాయనం, అక్కడిదాకా ఆవిడ కరెక్టే. కానీ జీఎన్‌ఆర్‌హెచ్ చేసే కణాల దగ్గర మాత్రం అది తిరకాసుగా ఉత్సాహం పుట్టిస్తుంది. పుట్టకముందే మగ హార్మోన్ సోకిన ఎలుకల్లో చూస్తే ఈ కణాల మీదికి గాబా తంతులు ఎక్కువగా వచ్చి ఉన్నాయి. పీసీఓఎస్ ఉన్న స్త్రీల వెన్నులోంచి నీరు తీసి చూసినప్పుడు కూడా గాబా మామూలు వాళ్ళకంటే ఎక్కువే కనిపించింది, తక్కువ కాదు. అంటే ఆవిడ అమ్మే సరుకు లెక్క ప్రకారమే తలకిందులు. అదృష్టం ఏమిటంటే నోటితో మింగిన గాబాని మెదడు చుట్టూ ఉన్న వడపోత అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు.

ఇంకో సంగతి చెప్పనా? నీ వాల్‌ప్రొయేట్ ఉంది చూడు, అది మెదడులో గాబాని పెంచే మందు. గాబా పెంచితే పీసీఓఎస్ పోయేటట్టయితే, తొమ్మిదేళ్ళుగా అదే పని చేసే మాత్ర వేసుకుంటున్న నీకు అసలు రానే కూడదు.

వచ్చింది. బహుశా ఆ మాత్ర చెయ్యి కూడా కొంత ఉండే వచ్చింది. 1993లో ఫిన్లాండ్ డాక్టర్లు మూర్ఛ ఉన్న 238 మంది స్త్రీలని పరీక్షించి చూస్తే, వాల్‌ప్రొయేట్ వేసుకునేవాళ్ళలో 43 శాతం మందికి ఓవరీలు నీలాగే ఉన్నాయి. 20 ఏళ్ళు నిండకముందే ఆ మాత్ర మొదలుపెట్టినవాళ్ళలో ఓవరీలు అలా ఉండడమో, మగ హార్మోన్ పెరగడమో ఏకంగా 80 శాతంలో కనిపించింది. నువ్వు మొదలుపెట్టింది 16కి, పీరియడ్స్ తప్పడం 18 నుంచి, బరువు అప్పటి నుంచే. మూర్ఛ ఉన్నవాళ్ళలో మందుతో పని లేకుండా కూడా పీసీఓఎస్ కాస్త ఎక్కువే, కాబట్టి నేరమంతా మాత్ర మీద వెయ్యలేను. కానీ ఈ మందు ఆకలి పెంచుతుంది, బరువు పెంచుతుంది, దానితో ఇన్సులిన్ పెరుగుతుంది, ఓవరీలో మగ హార్మోన్ తయారీని నేరుగా కూడా పెంచుతుంది. ఆ ఫిన్లాండ్ వాళ్ళే 1998లో కొద్దిమందికి వాల్‌ప్రొయేట్ తీసేసి లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందుకి మార్చి ఏడాది పాటు గమనిస్తే, బరువు, ఇన్సులిన్, టెస్టోస్టెరోన్ మూడూ తగ్గాయి.

నీ గైనకాలజిస్ట్‌కి ఈ మాత్ర సంగతి చెప్పావా? చెప్పి ఉండవు. ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగితే, లేదండీ అనేస్తారు మన పిల్లలు, ఎందుకంటే ఫిట్స్ అనే మాట నోటి నుంచి రాకూడదని ఇంట్లో చిన్నప్పుడే నేర్పిస్తారు. నా ముందు కూర్చున్న ఒకమ్మాయి హ్యాండ్‌బ్యాగులోంచి దువ్వెన తీస్తుంటే మాత్రల స్ట్రిప్ జారి నేల మీద పడింది, పేరు కనపడకుండా దాని మీద కాగితం అంటించి ఉంది. వాళ్ళమ్మ అంటించిందట, హాస్టల్లో ఎవరూ చూడకుండా. అప్పటికి ఏడాదిన్నరగా నేను ఆ పిల్లకి పీసీఓఎస్ వైద్యం చేస్తున్నాను! తప్పు ఆ పిల్లదే కాదు, నేనూ ఇంకోలా అడగాల్సింది.

ఈ మాత్ర గురించి ఇంకో పెద్ద కారణానికి కూడా మాట్లాడాలి. మీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారో లేదో నువ్వు రాయలేదు, 25 కాబట్టి చూస్తూనే ఉంటారు. గర్భంలో ఉన్నప్పుడు తల్లి వాల్‌ప్రొయేట్ వేసుకుంటే నూటికి పదిమంది పిల్లలు అవయవ లోపాలతో పుడతారు, నూటికి 30 నుంచి 40 మందికి మాటలు, చదువు, తెలివి ఎదగడంలో ఇబ్బందులు వస్తాయి. బిడ్డ వెన్ను ఏర్పడి మూసుకునేది మొదటి 28 రోజుల్లో, అంటే చాలామందికి నెల తప్పిందని కూడా తెలియక ముందే. నీకైతే నెలలు తప్పడం మామూలే కాబట్టి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. పీసీఓఎస్ ఉంటే పిల్లలు పుట్టరు అని ఎవరో చెప్పింది నమ్మి ధీమాగా ఉండకు, అండం ఎప్పుడో ఒకప్పుడు చెప్పాపెట్టకుండా విడుదలవుతుంది. బ్రిటన్‌లో 2018 నుంచి గర్భం రాకుండా గట్టి జాగ్రత్త తీసుకుంటే తప్ప వయసులో ఉన్న ఆడవాళ్ళకి ఈ మందు రాయడం లేదు. మన దగ్గర రాస్తూ పోతారు, తొమ్మిదేళ్ళ నాటి చీటీ చూపిస్తే షాపువాడు ఇస్తూ పోతాడు.

కాబట్టి న్యూరాలజిస్ట్‌ని కలువు. ఏడేళ్ళుగా ఫిట్స్ లేవంటే అసలు మందు ఇంకా అవసరమా, అవసరమైతే లెవెటిరాసెటామ్ లాంటి ఇంకో దానికి మారొచ్చా అన్నది ఆయన తేల్చాలి. మారిస్తే వారాల తరబడి ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచుతూ మారుస్తారు. నువ్వే ఠక్కున ఆపేస్తే ఫిట్ మీద ఫిట్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కొన్ని రకాల మూర్ఛకి వాల్‌ప్రొయేట్‌ అంత బాగా ఇంకోటి పనిచెయ్యదు, అలాంటప్పుడు ఫోలిక్ యాసిడ్ ఎంత, డోసు ఎంతవరకు తగ్గించొచ్చు, పిల్లల ప్లాన్ ఎప్పుడు అన్నీ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇప్పుడు నువ్వు మానేసిన ఆ గర్భనిరోధక మాత్రల సంగతి. అమ్మ గొడవ చేస్తే ఓవరీల మాత్ర మానేశావు, ఆ తర్వాత ఇది ఓవరీల జబ్బే కాదు, మెదడు జబ్బు అని విన్నావు. నిజానికి ఆ మాత్ర పనిచేసేది పైనే! అందులో ప్రొజెస్టెరోన్ లాంటి మందు ఉంటుంది, నీకు లేని ఆ బ్రేకు అది వేస్తుంది, దరువు నెమ్మదిస్తుంది, ఎల్‌హెచ్ దిగుతుంది. అందులోని ఈస్ట్రోజెన్, మగ హార్మోన్‌ని కట్టేసే ప్రోటీన్‌ని లివర్‌లో పెంచుతుంది. నెలనెలా బ్లీడింగ్ అవుతుంది కాబట్టి గర్భసంచి లోపలి పొర దళసరిగా పేరుకోదు. వెంట్రుకలు తగ్గడానికి ఆరు నెలలైనా పడుతుంది, పది రోజులకి ఏమీ కనపడదు. అమ్మకి చెప్పు, డబ్బా మీద రాసిన పేరు గర్భనిరోధకమే గానీ పెళ్ళికాని పిల్లలకి కూడా దీన్నే మొదటి మందుగా రాస్తారని. తర్వాత పిల్లలు పుట్టరన్నదీ నిజం కాదు. మాత్ర ఆపేస్తే దాని ప్రభావం పోతుంది, అంతే. బీపీ, రక్తం గడ్డకట్టిన చరిత్ర, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉంటే ఈ మాత్ర పడదు, అవి డాక్టర్‌కి చెప్పు.

ఇక్కడొక మెలిక ఉంది. వాల్‌ప్రొయేట్ ఈ గర్భనిరోధక మాత్రని బలహీనం చెయ్యదు, కానీ ఈ మాత్రలోని ఈస్ట్రోజెన్ వాల్‌ప్రొయేట్‌ని రక్తంలో కొంత తగ్గించొచ్చు, కాబట్టి మాత్ర మళ్ళీ మొదలుపెట్టేముందు న్యూరాలజిస్ట్‌కి చెప్పు. న్యూరాలజిస్ట్ నిన్ను లామోట్రిజిన్‌కి మారిస్తే పేచీ ఇంకా పెద్దది, అదే ఈస్ట్రోజెన్ లామోట్రిజిన్‌ని రక్తంలో సగానికి పడగొట్టగలదు, ఏడేళ్ళుగా రాని ఫిట్ రావచ్చు. కార్బమజెపైన్, ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందులైతే ఎదురు తిరిగి గర్భనిరోధక మాత్రనే బలహీనం చేస్తాయి. ఈ డాక్టర్ చీటీ ఆ డాక్టర్ చూడాలి, ఆ డాక్టర్ చీటీ ఈ డాక్టర్ చూడాలి. కాగితాలు అంటించకుండా.

నాలుగు నెలలు పీరియడ్ రాకపోవడాన్ని మాత్రం ఇంకా లాగకు. 90 రోజులు దాటిందంటే చూపించుకోవాలి. కొద్దిరోజులు ప్రొజెస్టెరోన్ మాత్రలిచ్చి తెప్పిస్తారు, దానికి ముందు గర్భం లేదని ఒక పరీక్ష చేస్తారు, నిన్ను అనుమానించి కాదు, అందరికీ చేసేదే. అప్పుడే థైరాయిడ్, ప్రోలాక్టిన్ (బిడ్డకి పాలు పట్టించే హార్మోన్), టెస్టోస్టెరోన్, గ్లూకోజ్ నీళ్ళు తాగించి చేసే షుగర్ పరీక్ష చేయించుకో. నీ డోపమైన్ ప్రశ్నకి జవాబు ఈ ప్రోలాక్టిన్ దగ్గరుంది: ప్రోలాక్టిన్‌ని అదుపులో పెట్టేది డోపమైనే, వాంతులకి వేసుకునే డొంపెరిడోన్ లాంటివి డోపమైన్‌ని అడ్డుకుని ప్రోలాక్టిన్‌ని పెంచేస్తాయి, పీరియడ్స్ అలా కూడా ఆగుతాయి. డోపమైన్‌కి సంబంధించి చెయ్యదగ్గ పరీక్ష ఏదైనా ఉందంటే ఇదే.

టెన్షన్ తగ్గించుకుంటే పోతుందన్న అమ్మ మాట. పెద్ద టెన్షన్, కడుపు మాడ్చుకోవడం, అతిగా వ్యాయామం, ఇవి దరువుని నెమ్మదింపజేస్తాయి, ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాయి. పీసీఓఎస్‌లో దరువు జోరుగా ఉంటుంది. రెండింటిలోనూ పీరియడ్ రాదు, దారులు మాత్రం వేరు. అందుకే ఒంటిపూట భోజనం నాకు నచ్చలేదు. ఇప్పుడు నీకు నాలుగు నెలలుగా రాకపోవడంలో పీసీఓఎస్ ఎంత, ఆకలి ఎంత అన్నది కూడా కలగాపులగమైంది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందికి పీరియడ్స్ మెరుగవుతాయి, అది నిజమే, కానీ మూడు పూటలా తిని తగ్గు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచుకో, నడువు. నిద్ర తప్పకుండా పడుకో, నిద్ర చెడితే ఫిట్స్ కూడా తిరగబెడతాయి.

ఆదివారం మంచం దిగాలనిపించకపోవడం నీ బద్ధకం కాదు. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్, ఆందోళన మిగతావాళ్ళకంటే ఎక్కువ, అందుకే 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఈ జబ్బు తేలిన ప్రతి స్త్రీనీ మనసు గురించి కూడా అడగమని రాశారు. మన దగ్గర అడిగే తీరిక ఎవరికీ లేదు. నువ్వే చెప్పు. సైకియాట్రిస్ట్‌ని కలిస్తే వాల్‌ప్రొయేట్ సంగతి అక్కడ కూడా మొదటే చెప్పు, డిప్రెషన్ మందుల్లో కొన్ని, ముఖ్యంగా బుప్రోపియాన్, ఫిట్స్ ఉన్నవాళ్ళకి పడవు. రాత్రిపూట మరీ తట్టుకోలేననిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఇదంతా నా బుర్రలోనే ఉందా అని అడిగావు. హైపోథలామస్ బుర్రలోనే ఉంటుంది కాబట్టి ఒక లెక్కన అవును, నువ్వు భయపడుతున్న లెక్కన కాదు. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో 2018లో చేసిన ప్రయోగంలో, కడుపుతో ఉన్న ఎలుకలకి ఓవరీల్లో తయారయ్యే ఏఎంహెచ్ అనే హార్మోన్ ఎక్కించారు. వాటికి పుట్టిన ఆడపిల్లలకి ఈ జోరు దరువు పుట్టుకతోనే వచ్చింది. అవి పాపం ఏం టెన్షన్ పడ్డాయని?

న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేటప్పుడు స్ట్రిప్ పట్టుకెళ్ళు, మొదటి ఫిట్ ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది అన్నది అమ్మని అడిగి కాగితం మీద రాసుకో, నీకు అప్పుడు స్పృహ ఉండదు కదా. ఇంకోటి కూడా అడుగు: ఆ వయసులో పొద్దున లేవగానే నీ చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగిరి, చేతిలో బ్రష్షో టీ గ్లాసో జారిపోయేదా అని. ఆ రకం మూర్ఛ అయితే వాల్‌ప్రొయేట్ మార్చడం కాస్త కష్టం, మందు పూర్తిగా ఆపడం ఇంకా కష్టం, డాక్టర్ ఆ ఒక్క ప్రశ్న మీదే చాలా నిర్ణయిస్తారు. అపాయింట్‌మెంట్ దొరికేదాకా రోజూ వేసుకునే టైమ్‌కే వేసుకో, ఈ రాత్రిది కూడా.